శ్రీ బలవంతరాయ్ మెహతా

మన బ్లాకు కార్యాలయపు గోడపై పంచాయతి సమితి అని వ్రాసియుండుట మీలో చాలమంది చూచియే యుందురు. నేను ఉపాధ్యాయ శిక్షణకై పొరుగుననున్న ఆంధ్రప్రదేశమునకు వెళ్లిననాటికి అక్కడ ఆ మాట వాడుకలో లేదు. 1986 నాటి చట్టముతో అచ్చటి సమితులు పోయి, వాని స్థానమున మండలములు వచ్చినవి. మన ఒడిశాలో మాత్రము పాతపేరే నిలిచియున్నది. ఆ పేరునకు మూలమైన పెద్దమనిషి ఎవరో మీకు తెలియవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

బలవంతరాయ్ గోపాల్‌జీ మెహతాగారు 1900 సం. ఫిబ్రవరి 19వ తేదీన కాఠియావాడు సీమయందలి భావనగరమున ఒక మధ్యతరగతి కుటుంబమున జన్మించిరి. భావనగరము ఆనాడొక సంస్థానము. అచ్చటి ప్రజలకు ప్రభువులిద్దరు: ఎదుట మహారాజు, ఆయన వెనుక బ్రిటిషు సర్కారు. మెహతాగారు బి.ఎ. వరకు చదివిరి. కాని 1920లో సహాయ నిరాకరణోద్యమము చెలరేగినపుడు, పరప్రభుత్వమిచ్చు పట్టము నాకు వలదని దానిని విడిచిపెట్టిరి. చదువంతయు చదివి పట్టమును వదలుకొనుట ఎంత కష్టమో మీ తలిదండ్రులనడుగుడు. ఉద్యోగము, పెండ్లి సంబంధము, బంధువులలో మన్నన, అన్నియు ఆ కాగితమును పట్టుకొనియే వచ్చు కాలమది.

మరుసటి యేడు, అనగా 1921లో, ఆయన భావనగర ప్రజామండలమును స్థాపించిరి. సంస్థానములోని ప్రజలకును పరిపాలనలో భాగముండవలెననుట దాని కోరిక. లాలా లజపతిరాయ్ స్థాపించిన లోకసేవక మండలియందును ఆయన సభ్యులైరి. 1928లో శిస్తు పెంపును ఎదిరించి బార్డోలీ రైతులు చేసిన సత్యాగ్రహమున పాల్గొనిరి. 1942 ఉద్యమమున మూడేండ్ల శిక్ష పడినది. మొత్తము మీద ఏడేండ్లు చెరసాలలో గడిపిరి.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1952లోను, 1957లోను ఆయన లోక్‌సభకు ఎన్నికైరి. అచ్చట అంచనాల సంఘమునకు అధ్యక్షులైరి. ప్రభుత్వము చేయు ఖర్చులో పొదుపునకు చోటెక్కడ, దుబారా ఎక్కడ అని శోధించు సంఘమది. దానికి మొదటి అధ్యక్షులు తిరుచానూరున జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు. లెక్కలు చదువుట వచ్చినవానికే దేశము యొక్క ఉన్నస్థితి తెలియునని నాకు తోచును. మెహతాగారి తరువాతి కార్యమునకు ఈ అనుభవమే పునాది యైనది.

ఆ కార్యమేదనగా చెప్పెదను. 1952 అక్టోబరు 2వ తేదీన మన దేశమున 55 సముదాయ వికాస ప్రాజెక్టులు ఆరంభమైనవి. మంచి విత్తనములు, బావులు, బాటలు, బడులు, పశువైద్యము, వీనినన్నిటిని గ్రామములకు చేర్చుట వాని ఉద్దేశ్యము. కొన్ని గ్రామములు కలిపి ఒక బ్లాకు, దానికొక వికాసాధికారి, ఊళ్లలో తిరుగుటకు గ్రామసేవకులు, ఇట్లు ఏర్పాటు జరిగెను. ధనము ఖర్చయ్యెను, పనులును కొన్ని జరిగెను. కాని ఊరివారు మాత్రము ఇది సర్కారువారి పని యని దూరముగా నిలిచి చూచుచుండిరి. అధికారి వచ్చిన దినమున గుమిగూడుట, ఆయన వెళ్లినంతనే ఎవరి దారిని వారు పోవుట. ఇందుకు కారణమేమో విచారింపుమని 1957 జనవరిలో ప్రభుత్వమొక అధ్యయన బృందమును నియమించి, మెహతాగారిని దానికి నాయకులను జేసెను. అదే యేడు నవంబరులో నివేదిక వచ్చినది.

తప్పు ఊరివారిది కాదని ఆ నివేదిక తేల్చెను. సలహా చెప్పుటకు సంఘములున్నవి గాని, నిర్ణయించు అధికారము వానికి లేదు. ఒక ఇంటి పెద్ద పెద్దకొడుకు చేతికి సంచియు రూకలును ఇచ్చి, ఫలానా సరుకు ఫలానా అంగడిలో కొనుమని పంపిననుకొనుడు. ఆ కొడుకు ఎన్నేండ్లు సంత చేసినను గృహస్థు కానేరడు. అటుగాక ఒక మడిచెక్క వానికప్పగించి, పంట నీదే, నష్టమును నీదే యన్నచో వాడు తెల్లవారకమునుపే లేచి నీరు పెట్టుకొనును. మొదటిది పని నొప్పగించుట మాత్రమే. రెండవది అధికారమును, బాధ్యతను కూడ బదలాయించుట. మెహతా బృందము కోరినది ఈ రెండవదానినే.

అందుకై గ్రామమునకు పంచాయతి, బ్లాకునకు పంచాయతి సమితి, జిల్లాకు జిల్లా పరిషత్తు అని మూడంతస్తుల ఏర్పాటు సూచింపబడినది. ఇందు ముఖ్యమైనది నడిమి అంతస్తు. ఒక్క గ్రామము చేతిలో పెద్దపనులకు చాలినంత ధనముండదు. జిల్లా యన్ననో సామాన్యునకు దూరము. బ్లాకు కార్యాలయమునకైతే రైతు ఉదయము బయలుదేరి పని చూచుకొని సాయంకాలమునకు ఇల్లు చేరగలడు. వ్యవసాయము, పశుపోషణ, కుటీర పరిశ్రమలు, త్రాగునీరు, బాటలు, ప్రాథమిక విద్య సమితి చేతికి రావలెననియు, వానితోపాటు ధనమును రావలెననియు, సమితిలో ఇద్దరు స్త్రీలను చేర్చుకొనవలెననియు నివేదిక చెప్పెను. జిల్లా పరిషత్తునకు మాత్రము కలెక్టరే అధ్యక్షుడుగా నుండవలెననెను. నాకిది కొంత వింతగా తోచును. అధికారము ప్రజలకిండని చెప్పిన నోటితోనే కలెక్టరును పైన కూర్చుండబెట్టుటలో మెహతాగారి జాగ్రత్తయు, ఆ కాలపు సంశయమును రెండును కనబడుచున్నవి.

1959 అక్టోబరు 2వ తేదీన రాజస్థానమందలి నాగౌరులో నెహ్రూగారు ఈ ఏర్పాటును ప్రారంభించిరి. అదే యేడు ఆంధ్రప్రదేశమును దాని నవలంబించెను. మన ఒడిశాలో 1961 జనవరి 26 నుండి సమితులు పనిచేయసాగినవి. మహారాష్ట్రము మాత్రము బలమంతయు జిల్లా పరిషత్తునకే ఇచ్చి 1962లో వేరుదారి త్రొక్కినది.

1963 సెప్టెంబరు 19వ తేదీన మెహతాగారు గుజరాతునకు ముఖ్యమంత్రి యైరి. ఆ రాష్ట్రమున పంచాయతిరాజ్యము ఏప్రిలులోనే ఆరంభమై యుండెను. ఇతరులు అధికారమును క్రిందికి దింపవలెనని చెప్పిన మనిషి ఇప్పుడు ఆ అధికారమున్న పీఠముపైననే కూర్చుండెను! ఇతర రాష్ట్రములలో ఏమి జరిగెనో చూడుడు. పనులు సమితులకు వచ్చెను గాని, ధనపు సంచి మూతిత్రాడు రాజధానులలోనే ఉండిపోయెను; ఎన్నికలు ఏండ్ల తరబడి వాయిదా పడెను. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చువరకు ఐదేండ్లకొకసారి ఎన్నిక జరుగవలెనను కట్టుబాటే రాజ్యాంగమున లేదు. ఆ సవరణతో చేర్చిన పట్టికలో పంచాయతులకు ఈయదగిన విషయములు 29 కలవు. వానిలో ఎన్ని నిజముగా చేతికి వచ్చినవో మీ వార్డు సభ్యునడిగి తెలిసికొనుడు.

ఆ సవరణను చూచుటకు మెహతాగారు లేరు. 1965లో పాకిస్తానుతో యుద్ధము జరుగుచుండగా, సెప్టెంబరు 19వ తేదీన, ముఖ్యమంత్రియై సరిగా రెండేండ్లు నిండిన దినమున, ఆయన మిఠాపురమునుండి చిన్న విమానములో కచ్ఛ సరిహద్దువైపు బయలుదేరిరి. పాకిస్తాను యుద్ధవిమానమొకటి దానిని సుథరీ గ్రామ సమీపమున కూల్చివేసెను. మెహతాగారు, ఆయన భార్య సరోజబెన్, సిబ్బంది ముగ్గురు, ఒక విలేఖరి, విమానము నడపువారిద్దరు, మొత్తము ఎనమండుగురును మరణించిరి. నాలుగు దినములకే యుద్ధము నిలిచిపోయెను.

2011లో, అనగా 46 సంవత్సరముల తరువాత, ఆ విమానమును కూల్చిన పైలటు, నాడు మృతి చెందిన విమానచోదకుని కుమార్తెకు సంతాపము తెలుపుచు ఒక లేఖ వ్రాసెను. ఆమె ఆ లేఖకు ప్రత్యుత్తరమిచ్చెను.