ఇసిడార్ ఐజాక్ రాబీ

ఇసిడార్ ఐజాక్ రాబీ (జూలై 29, 1898 - జనవరి 11, 1988) సుప్రసిద్ధ అమెరికా భౌతిక శాస్త్రవేత్త. పరమాణు కేంద్రకాల అయస్కాంత ధర్మాలను కొలిచే అనునాద పద్ధతికి గాను 1944లో నోబెల్ బహుమతి పొందాడు. ఏ ఒక్క విశ్వవిద్యాలయమూ, ఏ ఒక్క దేశమూ భరించలేని పరిశోధనా సాధనాలను పలువురు కలిసి నెలకొల్పి పంచుకొనే సంప్రదాయానికి పునాది వేసినవారిలో కూడా ఇతడు ముఖ్యుడు. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల, ఐరోపాలోని సెర్న్ - ఈ రెండింటి పుట్టుకలోనూ రాబీ పాత్ర ఉన్నది.

బాల్యము, విద్య

రాబీ అప్పటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోని రైమనూవ్ (ఇప్పుడు పోలండ్‌లో ఉన్నది) అనే ఊరిలో పేద యూదు కుటుంబములో జన్మించాడు. పసితనములోనే ఆ కుటుంబము న్యూయార్క్‌కు వలస వెళ్ళింది. బడి నుండి రాగానే తల్లి ఏమి నేర్చుకున్నావని కాక, మంచి ప్రశ్న ఏదైనా అడిగావా అని విచారించేదని ఇతడు పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఉపాధ్యాయులు గుర్తుంచుకోదగిన విషయమిది. 1919లో కార్నెల్‌లో రసాయన శాస్త్ర పట్టా, 1927లో కొలంబియా విశ్వవిద్యాలయములో డాక్టరేటు పొందాడు.

తరువాత రెండేళ్ళు ఐరోపాలో బోర్, పౌలీ, స్టెర్న్, హైసెన్‌బర్గ్‌ల వద్ద గడిపాడు. ఆనాడు అమెరికా భౌతిక శాస్త్రానికి అక్కడ పెద్ద విలువ లేదు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి పరిస్థితి తారుమారైంది. ఐరోపా ప్రయోగశాలలు యుద్ధములో చితికిపోగా, అక్కడి మేధావులనేకులు అమెరికా చేరారు.

బ్రూక్‌హేవెన్

యుద్ధకాలములో రాబీ ఎం.ఐ.టి.లో రాడార్ పరిశోధనకు సహాయ సంచాలకుడుగా ఉన్నాడు. లాస్ అలమోస్‌లో ఓపెన్‌హైమర్ ఇవ్వజూపిన ఉప సంచాలక పదవిని కాదని, సలహాదారుగా మాత్రమే ఉన్నాడు. యుద్ధము ముగిసి కొలంబియాకు తిరిగి వచ్చేసరికి ఫెర్మీ వంటివారు షికాగోకు వెళ్ళిపోయారు. పరిశోధనకు అణు రియాక్టరు కావాలి, కాని దానిని కట్టే స్తోమత ఒక్క కొలంబియాకు లేదు. రాబీ, అతని శిష్యుడు నార్మన్ రామ్సే కలిసి ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాలను కదిలించారు. తొమ్మిది విశ్వవిద్యాలయాల ఉమ్మడి యాజమాన్యములో 1947లో లాంగ్ ఐలండ్‌లోని పాత సైనిక శిబిరములో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాల వెలసింది.

ఫ్లోరెన్స్ తీర్మానము

1950 జూన్‌లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరములో యునెస్కో మహాసభ జరిగింది. అమెరికా ప్రతినిధిగా వెళ్ళిన రాబీ అక్కడ బ్రూక్‌హేవెన్ నమూనానే మనసులో ఉంచుకొని, పలు దేశాలు కలిసి ప్రాంతీయ పరిశోధనా కేంద్రాలను స్థాపించుకొనేందుకు యునెస్కో తోడ్పడాలని తీర్మానము ప్రతిపాదించాడు. సభ దానిని ఆమోదించింది. ఐరోపాకు ఉమ్మడి ప్రయోగశాల కావాలన్న మాట అంతకు ముందే లేకపోలేదు. 1949 డిసెంబరులో లూయీ డి బ్రోయ్ అదే కోరాడు. కనుక సెర్న్ ఘనతనంతా రాబీకే కట్టబెట్టడము న్యాయము కాదు. అయితే ఆ కోరికకు అంతర్జాతీయ సంస్థ ముద్ర పడినది ఫ్లోరెన్స్‌లోనే. ఆ పైన బరువు మోసినవారు ఫ్రాన్స్‌కు చెందిన పియెర్ ఓజె, ఇటలీకి చెందిన ఎడోర్డో అమాల్డీ. 1952 ఫిబ్రవరిలో జెనీవాలో తొలి ఒప్పందముపై సంతకాలు చేసినవారు ఆ శుభవార్తను లేఖ ద్వారా రాబీకి తెలియజేశారు. 1954 సెప్టెంబరు 29న పన్నెండు సభ్యదేశాలతో సెర్న్ అధికారికముగా ఏర్పడింది. సైనిక అవసరాల పరిశోధనతో ఈ సంస్థకు సంబంధము ఉండరాదనీ, ఫలితాలను ప్రకటించి తీరాలనీ ఒడంబడికలోనే వ్రాసుకున్నారు. అణు విజ్ఞానము రహస్యపు గోడల నడుమ బందీగా ఉన్న రోజులలో ఇది చిన్న సాహసము కాదు.

రెండు ప్రయోగశాలల స్నేహము

1952 వేసవిలో సెర్న్ ప్రతినిధులు బ్రూక్‌హేవెన్‌లోని కాస్మోట్రాన్ యంత్రాన్ని చూడవచ్చారు. అటువంటిదే మరికొంత పెద్దది కట్టుకోవాలని వారి ఆలోచన. వారి రాక సందర్భముగా యంత్రాన్ని మెరుగుపరిచే మార్గాలను వెదకుతూ కూరంట్, లివింగ్‌స్టన్, స్నైడర్ అనే బ్రూక్‌హేవెన్ శాస్త్రవేత్తలు ఒక కొత్త కిటుకు కనుగొన్నారు. అయస్కాంతాల వాలును ఒకటి లోపలికి, ఒకటి బయటికి మార్చి మార్చి అమర్చితే ప్రోటానుల పుంజము సన్నగా నిలుస్తుంది. యంత్రము సన్నబడి, అదే ఖర్చుతో ఎక్కువ శక్తి సాధ్యమౌతుంది. (గ్రీకు ఇంజనీరు క్రిస్టొఫిలోస్ అంతకు ముందే దీనిని స్వతంత్రముగా ఊహించాడు.) బ్రూక్‌హేవెన్‌వారు దీనిని దాచుకోలేదు. సెర్న్ తన పాత పథకాన్ని పక్కన పెట్టి కొత్త పద్ధతినే చేపట్టింది. బ్లూవెట్ దంపతులు 1953లో అమెరికా నుండి వెళ్ళి రూపకల్పనలో పాలుపంచుకున్నారు. 1959 నవంబరులో సెర్న్ ప్రోటాన్ సింక్రోట్రాన్ పనిచేసింది. బ్రూక్‌హేవెన్ సొంత యంత్రము 1960లో గాని సిద్ధము కాలేదు. విద్య నేర్పినవారికంటే నేర్చుకున్నవారే ముందు గమ్యము చేరారన్నమాట! 2012లో హిగ్స్ బోసాన్‌ను కనుగొన్న ప్రయోగాలకు కూడా ప్రోటానులు ఆ పాత యంత్రము గుండానే ప్రయాణించాయి.

తరువాతి జీవితము

1949లో ఫెర్మీతో కలిసి హైడ్రోజన్ బాంబును వ్యతిరేకించాడు. 1954 విచారణలో ఓపెన్‌హైమర్ పక్షాన సాక్ష్యము చెప్పాడు. 1955 ఆగస్టులో జెనీవాలో జరిగిన అణుశక్తి శాంతి వినియోగ మహాసభకు ప్రధాన ప్రేరకులలో రాబీ ఒకడు. ఆ సభకు అధ్యక్షత వహించినది మన హోమీ భాభా. రష్యా, పాశ్చాత్య దేశాల అణు శాస్త్రజ్ఞులు చాలా ఏళ్ళ తరువాత ముఖాముఖి కలుసుకున్నది అక్కడే. భారతదేశము 2017లో సెర్న్ అనుబంధ సభ్యత్వము పొందింది.

రాబీ అనునాద పద్ధతి నుండి ఎదిగిన శాస్త్రమే నేటి ఎం.ఆర్.ఐ. పరీక్షకు మూలము. చివరి జబ్బులో వైద్యులు ఇతనిని అదే యంత్రములో పరీక్షించారు. 1988లో న్యూయార్క్‌లో క్యాన్సరుతో మరణించాడు.