వెలుగును లెక్కించిన కళాకారుడు

ప్రకృతి సౌందర్యాన్ని నలుపు తెలుపుల్లో నిలిపి విశ్వవిఖ్యాతి గడించిన ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్. ఆయన 1902 ఫిబ్రవరి 20న అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో జన్మించారు. బాల్యంలో పియానోను నిష్ఠతో అభ్యసించారు. 1916లో యోసెమిటీ లోయను దర్శించినప్పుడు తల్లిదండ్రులు ఇచ్చిన చిన్న కెమెరా ఆయన జీవితగమనాన్ని మార్చివేసింది. సంగీతం నేర్పిన క్రమశిక్షణ మాత్రం ఆయనను వీడలేదు.

పెద్ద కెమెరాలో వాడే షీట్ ఫిల్ము ఒక్కొక్కదాని మీద ఒక్క చిత్రమే పడుతుంది. దానికి సోకే కాంతి తక్కువైతే నీడల్లోని వివరాలు లుప్తమవుతాయి. ఎక్కువైతే వెలుగు భాగాలు పాలిపోతాయి. ఈ సమస్యకు పరిష్కారంగా 1940 ప్రాంతంలో ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి జోన్ పద్ధతిని రూపొందించారు. అందులో గాఢమైన నలుపు 0, నడిమి బూడిదరంగు 5, స్వచ్ఛమైన తెలుపు 10. మెట్టు మెట్టుకూ కాంతి రెట్టింపవుతుంది.

పెట్టెపై ముద్రించిన ఫిల్ము వేగాన్ని యథాతథంగా నమ్మక, ఎవరికి వారే పరీక్షించుకోవాలని ఆయన బోధించారు. సమంగా వెలుగు పడే అట్టను ఎదుట ఉంచి, మీటరు సూచించిన కాంతిలో 16వ వంతును, అంతకు కొంచెం ఎక్కువ తక్కువలను వేర్వేరు షీట్లకు ఇవ్వాలి. అన్నింటినీ ఒకే విధంగా డెవలప్ చేయాలి. కాంతి సోకని ఫిల్ము కంటే లేశమాత్రం నల్లబడిన షీటు ఆ ఫిల్ము నిజమైన వేగాన్ని తెలుపుతుంది.

1941 నవంబరు 1 సాయంకాలం ఆయన న్యూమెక్సికోలో కారులో వెళుతున్నారు. హెర్నాండెజ్ అనే పల్లెపై చంద్రుడు ఉదయించాడు. అస్తమించే సూర్యుని కిరణాలు శ్మశానంలోని శిలువలపై మెరుస్తున్నాయి. కెమెరా సిద్ధమైంది కాని లైట్ మీటరు కనిపించలేదు. అప్పుడు చంద్రకాంతి విలువ చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని ఆయనకు స్ఫురించింది. చంద్రుణ్ణి 7వ మెట్టుపై ఉంచితే నడిమి మెట్టుకు అందులో నాలుగోవంతు, అంటే సుమారు 60. ఫిల్ము వేగం 64 కనుక ఎఫ్ 8 వద్ద సెకనులో 60వ వంతు చాలు. ఫిల్టరు వల్ల అది మూడు రెట్లయింది. ఎఫ్ 32కు తగ్గించేసరికి దాదాపు ఒక సెకను అయింది. ఆ లెక్కతోనే చిత్రం తీశారు. రెండో షీటుకు సిద్ధమయ్యేలోగా శిలువలపై వెలుగు తొలగిపోయింది.

ఆ ఒక్క నెగెటివే ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చింది. 1984 ఏప్రిల్ 22న ఆడమ్స్ కన్నుమూశారు. నిత్యసాధనతో అలవడిన విద్య, పరికరం చేతికందని వేళ కూడా మనిషిని ఆదుకుంటుందని ఆయన జీవితం నిరూపిస్తుంది.