నవ్వు చాటున బెంగ

మైలవరం నుండి మచిలీపట్నం దాకా 'మాయాబజార్' శశిరేఖను ఎరుగనివారు అరుదు. ఆ మహానటి సావిత్రి జీవితాన్ని ఒకసారి తలచుకుందాం.

గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన ఆమె పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. విజయవాడలో పెదతల్లి ఇంట పెరిగి, నాట్యం నేర్చి, మద్రాసు చేరారు. 1953లో 'దేవదాసు'లో పార్వతిగా, తాగుడుకు బలైన ప్రియుని కోసం విలపించి అందరినీ ఏడిపించారు. అదే తాగుడు తన ఇల్లూ చేరుతుందని అప్పుడు ఎవరనుకున్నారు?

జెమినీ గణేశన్‌తో కాపురం బీటలువారింది. 1971లో సొంతంగా తీసిన 'ప్రాప్తం' నష్టపరచింది. పన్ను బకాయిలు మీదపడ్డాయి. అడిగినవారికల్లా పెట్టిన చేయి ఒంటరిదై మద్యం అందుకుంది. మత్తు భయాన్ని కాసేపు నిద్రపుచ్చుతుంది. దిగాక భయం రెట్టింపై లేస్తుంది. అందుకే మోతాదు పెరుగుతుంది. 1980లో స్పృహ కోల్పోయిన సావిత్రి, సుమారు 19 నెలలు మంచాన ఉండి 1981 డిసెంబరు 26న కన్నుమూశారు.

మీ ఇంట సారాకో గంజాయికో చిక్కినవారున్నారా? తిట్టేముందు పక్కన కూర్చోండి, లోపలి బెంగ అడగండి. ఏళ్లతరబడి తాగినవారు ఒక్కసారిగా మానితే మూర్ఛలు రావచ్చు. కనుక వైద్యుని వద్దకు మీరే వెంట వెళ్లండి. ఒంటరిగా మాత్రం పంపకండి.