తెలుగువారికి లెక్క నేర్పిన పావులూరి మల్లన

నేడు మిర్చి, పత్తి పండే గుంటూరు, ప్రకాశం నేలల్లో కొంత భాగాన్ని పూర్వం కమ్మనాడు అనేవారు. అక్కడి పావులూరుకు చెందినవారు మల్లన. 11వ శతాబ్దపు గణితవేత్త. నన్నయ భారతాన్ని తెలుగు చేసిన శతాబ్దం అది.

అప్పట్లో గణితం చదవాలంటే సంస్కృతం రావాలి. 9వ శతాబ్దంలో జైన పండితుడు మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహం అలాంటి గ్రంథమే. మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. మక్కీకి మక్కీగా దించకుండా కొన్ని విడిచిపెట్టి, తన సొంత లెక్కలు కొన్ని చేర్చారు. జనం దాన్ని పావులూరి గణితం అన్నారు. తెలుగులో వెలసిన తొలి శాస్త్ర గ్రంథాల్లో అదొకటి. అలా లెక్క సంస్కృతం రానివారికీ అందింది.

ఈ గణితానికి ప్రాణం స్థాన విలువ. 5 ఒంటరిగా ఉంటే అయిదే. ఒక స్థానం ఎడమకు జరిగితే యాభై, మరో స్థానం జరిగితే అయిదు వందలు. ఖాళీ స్థానాన్ని సున్నా కాపాడుతుంది.

మల్లనకు రెండు శతాబ్దాల ముందే ఈ భారతీయ అంకెలు బగ్దాద్ చేరాయి. ఖలీఫా మామూన్ కాలంలో బైతుల్ హిక్మా పండితుడు అల్ ఖ్వారిజ్మీ వాటిపై గ్రంథం రాశారు. 12వ శతాబ్దంలో అది లాటిన్‌లోకి వెళ్లింది. మన శూన్యం అరబీలో ‘సిఫ్ర్’ అయింది, ‘జీరో’ అనే మాట దాన్నుంచే పుట్టింది. ఒకటి కన్నా చిన్న భాగాలకూ ఇదే పద్ధతిని 10వ శతాబ్దంలో డమాస్కస్‌లో అల్ ఉఖ్లీదిసీ వాడారు. అవే దశాంశాలు.

ఈ చిన్న చుక్క విలువ రైతుకు బాగా తెలియాలి. కాటా చీటీలో 12.5 క్వింటాళ్లు ఉండాల్సిన చోట 12.05 అని పడితే 45 కిలోలు పోయినట్లే. క్వింటా 12,000 రూపాయలనుకుంటే నష్టం 5,400.

జకాత్ కూడా అంతే. నూటికి 2.5 చొప్పున లక్షకు 2,500 రూపాయలు. దాన్ని 0.25గా లెక్కిస్తే 250 మాత్రమే వస్తుంది. మిగిలిన 2,250 పేదల హక్కు, అది మన ఇంట్లోనే ఉండిపోతుంది.

హిందువు, జైనుడు, ముస్లిం ఒకరి నుంచి ఒకరు అందుకుని పెంచిన విద్య ఇది. ఈసారి ఇంటికి వచ్చిన కాటా చీటీని, జకాత్ లెక్కను పిల్లల చేత, ముఖ్యంగా ఆడపిల్లల చేత చదివించండి. చుక్కకు అటూ ఇటూ ఉన్న ప్రతి అంకె విలువా వాళ్లనే చెప్పనివ్వండి.