ముండ్ల కిరీటానికి గూడు కట్టిన రాజు

విచారణలో కొత్త గుడి కట్టాలనో, పాత గుడికి రంగుటద్దాలు పెట్టించాలనో మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, ఈ డబ్బు పేదలకు పెట్టవచ్చు గదా అని అడుగుతారు. బేతనియలో యూదా ఇస్కరియోతు కూడా ఇదే అడిగాడని చెప్పి వారి నోరు మూయించడం తేలికే గాని న్యాయం కాదు. ఆ ప్రశ్నను పక్కనే పెట్టుకుని, ఆగస్టు 25న శ్రీసభ స్మరించే పునీత లూయీ కథ వినండి. జూన్ 21న పండుగ జరిగే అలోషియస్ గొన్సాగా వేరు, ఈయన వేరు. ఈయన ఫ్రాన్సు దేశాన్నేలిన తొమ్మిదవ లూయీ రాజు.

1214 ఏప్రిల్ 25న పువాసీ అనే ఊరిలో పుట్టారు. అక్కడే జ్ఞానస్నానం పొందారు. 1226లో తండ్రి మరణించగా పన్నెండేళ్ల వయసులో రాజయ్యారు. రాజ్యభారమంతా తల్లి బ్లాన్ష్ మోసింది. ఆమె కడు భక్తురాలు, అంతకంటె గట్టి పాలకురాలు. 1234లో ప్రోవాన్స్ రాకుమారి మార్గరీత్‌తో పెళ్లి జరిగింది. వారికి 11 మంది బిడ్డలు.

ఆ రోజులలో కాన్‌స్టాంటినోపుల్‌ను ఏలుతున్న బాల్డ్విన్ చక్రవర్తి అప్పులలో మునిగి ఉన్నాడు. ఏసు ప్రభువు శిరసున ఉంచిన ముండ్ల కిరీటమని తరతరాలుగా పూజలందుకున్న పవిత్ర అవశేషం అప్పటికే వెనిస్ వర్తకుని దగ్గర తాకట్టులో ఉంది. లూయీ ఇద్దరు డొమినికన్ సన్యాసులను పంపి దానిని విడిపించారు. పవిత్ర వస్తువులను కొనరాదని శ్రీసభ నియమం. అందుచేత లెక్క ప్రకారం ఇది కొనుగోలు కాదు, తాకట్టు తీర్చడం! అయిన ఖర్చు లక్షా 35 వేల లివ్రులు. 1239 ఆగస్టులో ఆ కిరీటం ఫ్రాన్సు చేరినప్పుడు రాజు, ఆయన తమ్ముడు రాబర్టు రాజవస్త్రాలు తీసివేసి, వట్టికాళ్లతో, దానిని భుజాన మోసుకుని సాన్స్ నగరంలోకి నడిచారు.

దానికోసం పారిస్‌లో తన రాజభవనం ఆవరణలోనే ఒక చిన్న గుడి కట్టించారు. దానిపేరు సెంత్ షపెల్, అంటే పవిత్ర ప్రార్థనాలయం. పొడవు 36 మీటర్లు, వెడల్పు 17 మీటర్లు. మన విచారణలలో ఇంతకంటె పెద్ద గుళ్లున్నాయి. కాని లోపల అడుగుపెట్టిన మనిషికి మాట రాదు.

ఎందుకో చెబుతాను. మన పాత మిషన్ గుళ్లలో మందపాటి గోడలు, చిన్న కిటికీలు చూసి ఉంటారు. గోడ మందం తగ్గితే పైకప్పు బరువుకు పక్కకు ఒరిగిపోతుంది. గోతిక్ మేస్త్రీలు ఈ ఇబ్బందిని మరోలా దాటారు. మొనదేలిన కమానులు, పక్కటెముకల వంటి రాతి దూలాలు కప్పు బరువును కొన్ని బిందువుల వద్దకు చేరుస్తాయి. అక్కడ బయటినుండి ఊతస్తంభాలు దానిని అందుకుంటాయి. ఇక నడుమ గోడతో పనిలేదు. సెంత్ షపెల్‌లో ఆ చోటంతా రంగుటద్దాలే. సుమారు 15 మీటర్ల ఎత్తున 15 కిటికీలు, వాటిలో 1,113 దృశ్యాలు. ఆదికాండము మొదలు ప్రభువు పాటుల వరకు బైబిలు అక్కడుంది. చివరి కిటికీలో ముండ్ల కిరీటం పారిస్ చేరిన కథ. ఇంత సన్నని రాతి పంజరం ఎలా నిలిచిందంటే, రాతి లోపల చుట్టూరా ఇనుప కట్లు బిగించారు. చూసేవారికి అవి కనపడవు.

గుడికి రెండంతస్తులు. కింది గుడి మరియమాత పేరిట, భవనంలో పనిచేసేవారికి. పైది రాజుకు, ఆయన కుటుంబానికి, కిరీటానికి. ఈ తేడా నాకు అంతగా రుచించదు, అయినా ఆ కాలం అలాటిది. 1248 ఏప్రిల్ 26న గుడిని ప్రతిష్ఠించారు. కట్టడానికి 40 వేల లివ్రులు, కిరీటం ఉంచిన బంగారు వెండి మందసానికి లక్ష అయినట్లు చెబుతారు. గుడికంటె పెట్టె ఖరీదు రెండింతలకు పైన!

పేదల మాట ఏమయిందని అడుగుతారు కదూ? గుడి పని సాగుతుండగానే, 1247లో, లూయీ దేశమంతటికీ విచారణాధికారులను పంపారు. వారిలో చాలామంది ఫ్రాన్సిస్కన్, డొమినికన్ సన్యాసులు. పని ఏమిటంటే, రాజుగారి నౌకర్లు ఎవరి పొలం లాక్కున్నారో, ఎవరి దగ్గర అన్యాయంగా సొమ్ము గుంజారో కనుక్కుని తిరిగి ఇప్పించడం. తనపై తానే ఫిర్యాదులు పోగుచేయించిన రాజును చరిత్రలో ఎందరిని చూపగలం? ఆ గుడి రాళ్లకంటె ఈ పని నాకు గొప్పగా తోస్తుంది.

మరొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. ఈ గుడి కడుతున్న రోజులలోనే, 1240లో, యూదుల పవిత్ర గ్రంథం తల్మూదుపై పారిస్‌లో విచారణ జరిపించి, 1242లో బండ్లకొద్దీ ప్రతులను తగులబెట్టారు. 1269లో యూదులు బట్టలపై గుర్తు కుట్టుకోవాలని ఇదే రాజు శాసించారు. యూదుడైన ఏసు కిరీటాన్ని వట్టికాళ్లతో మోసిన మనిషి ఆయన జాతివారికి చేసినది ఇది. కాలదోషమని సరిపెట్టుకుంటే చాలదు. 1965లో రెండవ వాటికన్ మహాసభ యూదుల పట్ల ద్వేషాన్ని ఖండించింది. పునీతుడనగానే చేసినదంతా పునీతం అయిపోదు.

గుడి ప్రతిష్ఠ అయిన కొద్దినెలలకే లూయీ ధర్మయుద్ధమని ఈజిప్టుకు ఓడలెక్కారు. 1249లో డామియెట్టా నగరం చిక్కింది. 1250లో తమ్ముడు రాబర్టు మన్సూరా వద్ద చనిపోయాడు. రాజు రోగంతో శత్రువుల చేత చిక్కారు. విడుదలకు ఒప్పుకున్న సొమ్ము నాలుగు లక్షల లివ్రులు, అంటే పది సెంత్ షపెళ్లు! మొదటి సగం తూకం వేసేటప్పుడు తనవారు పదివేలు తక్కువగా తూచారని తెలిసి, లూయీ కోపించి అదికూడా పూర్తిగా చెల్లించమన్నారని ఆయన మిత్రుడు జ్వాన్‌విల్ రాశాడు. శత్రువుకైనా బాకీ బాకీయే.

1254లో ఇల్లు చేరారు. తల్లి అప్పటికే లేదు. ఆ తరువాతి పదహారేళ్లే ఆయన అసలు పాలన. అధికారులు కానుకలు పుచ్చుకోరాదని శాసనం చేశారు. పారిస్‌లో 300 మంది అంధులకు ఇల్లు కట్టించారు. వాన్‌సెన్ అడవిలో ఓకు చెట్టు కింద కూర్చుని ఎవరు వచ్చినా తగవు వినేవారు. తన అడవిలో వేటాడారని ముగ్గురు కుర్రవాళ్లను ఉరితీసిన కూసీ ప్రభువును, ఎంత గొప్పింటివాడైనా, ఖైదుచేసి భారీ జరిమానా వేశారు. సెమినరీలో మేము తత్వశాస్త్రంలో చదువుకున్న పునీత తోమాసు అక్వినాసు కూడా ఈయన ఏలుబడిలోనే పారిస్‌లో బోధించేవారు.

1270లో మళ్లీ యుద్ధానికి బయలుదేరారు. తన ప్రజలు మొదటిసారే నలిగిపోయారని చెప్పి జ్వాన్‌విల్ రానన్నాడు. అతనిదే సరైన ఆలోచన. ట్యూనిస్ దగ్గర శిబిరంలో రోగం వ్యాపించి, ఆగస్టు 25న రాజు కన్నుమూశారు. 1297లో ఎనిమిదవ బోనిఫాసు పోపుగారు ఆయనను పునీతునిగా ప్రకటించారు.

ఫ్రెంచి విప్లవంలో ఆ లక్ష లివ్రుల మందసాన్ని కరిగించేశారు. గుడిని కాగితాల కొట్టుగా వాడారు. 19వ శతాబ్దంలో బాగుచేశారు. అద్దాలలో మూడింట రెండువంతులు ఇప్పటికీ లూయీ కాలంనాటివే. ముండ్లన్నీ ఎప్పుడో పంచిపెట్టగా మిగిలిన రెల్లుపోచల చుట్ట 1806 నుండి నోత్రదామ్ గుడిలో ఉంది. 2019 ఏప్రిల్ 15న ఆ గుడి తగలబడినప్పుడు దానిని క్షేమంగా బయటికి తెచ్చారు. 2024 డిసెంబరులో మళ్లీ అక్కడికే చేర్చారు. సెంత్ షపెల్‌లో కిరీటం ఉంచిన అరుగు ఖాళీగా ఉంది. చుట్టూ ఉన్న రాజభవనం న్యాయస్థానంగా మారింది. గుడి చూడవచ్చినవారు ఆ కోర్టు ఆవరణలోనుండే లోపలికి వెళ్తారు.