ఆన్సెల్ ఆడమ్స్

కెమెరా ఉన్నదానిని ఉన్నట్లు చూపునే గాని, దానిని పట్టినవాని హృదయమును చూపజాలదని పలువురు తలతురు. చిత్రకారుడు తన మనస్సునకు తోచిన రంగు వేయవచ్చును. ఛాయాచిత్రకారునకు అట్టి స్వేచ్ఛ యేది? అమెరికా దేశీయుడైన ఆన్సెల్ ఆడమ్స్ సంగీతమును విడిచి కెమెరాను చేపట్టదలచినప్పుడు, ఆతని కన్నతల్లియు ఇట్లే శంకించెను.

ఆడమ్స్ 1902వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జన్మించెను. 1906లో ఘోర భూకంపము ఆ నగరమును కూల్చినది. దాని వెంబడి వచ్చిన మరియొక కంపమునకు నాలుగేండ్ల ఆ బాలుడు తోటగోడపై బడగా ముక్కు విరిగెను. ఆ వంకర ముక్కు కడదాక అట్లే యుండెను. నిలుకడలేని బాలుడగుటచే ఏ బడియందును కుదురుకొనలేదు. తండ్రి ఆతనిని పండ్రెండవ యేట బడి మాన్పించి యింటనే చదువు చెప్పించెను. 1915లో నగరమున జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనమును ఏడాది పొడవునను చూచుటకు ప్రవేశపత్రము కొనియిచ్చెను. అట్టి తండ్రులు అరుదు. ఆ దినములలోనే బాలునకు పియానో వాద్యముపై మక్కువ కలిగెను. ఒకచోట నిలువని పిల్లవాడు గంటల కొలది కూర్చుండి సాధన చేయసాగెను.

1916లో తలిదండ్రులతో యోసెమిటీ లోయకు వెళ్ళినప్పుడు వారాతనికి ఒక చిన్న పెట్టె కెమెరా నిచ్చిరి. అదిమొదలు ఏటేట ఆ లోయకు పోవుట ఆతనికి వ్రతమయ్యెను.

ఆ లోయలో హాఫ్‌డోమ్ అను మహాశిల కలదు. గుండ్రని కొండను నిలువునా సగమునకు నరికినట్లు, లోయ మట్టమునుండి సుమారు 4,700 అడుగుల ఎత్తున నది నిలిచియుండును. 1927వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన ఆడమ్స్ బరువైన కెమెరాను, పండ్రెండు గాజు పలకలను వీపున మోసికొని, మంచు త్రొక్కుచు దాని యెదుటి చరియ నెక్కెను. మరుసటి యేట ఆతని భార్యయైన వర్జీనియాయు, కొందరు మిత్రులును వెంట నుండిరి. శిలాముఖముపై ఎండ పడువేళకు రెండు పలకలు మాత్రమే మిగిలినవి. కటకమునకు పసుపు గాజు తొడిగి ఒక చిత్రము తీసెను. తీసిన మరుక్షణమే తన పొరపాటు తెలిసెను. ఆ పలకపై శిల యుండును, ఆకాశ ముండును. కాని దానియెదుట నిలిచినప్పుడు తన గుండెలో కలిగిన గగుర్పాటు ఉండదు! ఆతని మనోనేత్రమునకు నల్లని ఆకాశమును, దానిపై భయంకరముగా లేచిన శిలయు గోచరించెను. పసుపు గాజు తీసి ముదురు ఎరుపు గాజు తొడిగెను. ఎరుపు గాజు నీలికాంతి నడ్డగించును. కావున పటమున నింగి నల్లబడును. ఇక నొక్క పలకయే యున్నది. తప్పినచో ఆ దినపు శ్రమ యంతయు వ్యర్థము. తప్పలేదు. ఆ రాత్రి పలకను కడిగి చూడగా, తాను మనస్సున గాంచిన దృశ్యమే అందు నిలిచియుండెను.

1930 నాటికి పియానోను వృత్తిగా చేపట్టు తలంపు మాని కెమెరానే వరించెను. అయినను సంగీతమాతని విడువలేదు. 1941లో న్యూమెక్సికోయందు మోటారులో మరలి వచ్చుచు హెర్నాండెజ్ అను పల్లెకడ బండి నాపెను. శ్మశానపు తెల్లని శిలువలపై కడపటి యెండ. వాని పైన నింగిలో చంద్రుడు. కాంతిని కొలుచు పరికరము ఎంత వెదకినను దొరకలేదు. చంద్రుని ప్రకాశమెంతయో కంఠస్థమై యుండుటచే లెక్క కట్టి చిత్రము తీసెను. రెండవదానికి సిద్ధపడునంతలో వెలుగు మాయమయ్యెను. ఆ యొక్క పలకనుండి తరువాతి కాలమున వేయికి పైగా ప్రతులు తీసెను. వయసు ముదిరిన కొలది అందలి ఆకాశమును మరింత నల్లగా చేయుచు వచ్చెను. ఒకే కీర్తనను గాయకుడు పడుచుదనమున నొకరీతి, వార్ధకమున నొకరీతి పాడడా?

దేశమున కరవు తాండవించుచుండగా ఈతడు రాళ్ళను చిత్రించుచున్నాడేమని కొందరు నిందించిరి. ఆ నింద కేవలము అన్యాయమని చెప్పలేము. కాని ఆ చిత్రములనే తీసికొని ఆడమ్స్ 1936లో వాషింగ్టన్ వెళ్ళి, కింగ్స్ కెన్యన్ అడవులను రక్షింపవలెనని పెద్దలను వేడెను. 1940లో అది జాతీయవనమయ్యెను. యుద్ధకాలమున జపాను సంతతి ప్రజలను నిర్బంధించిన మంజనార్ శిబిరమునకు 1943లో పోయి వారి ముఖములను చిత్రించెను. అచటను శిబిరపు కొట్టముల వెనుక సియెర్రా కొండలను చూపక మానలేదు.

1984వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన ఆడమ్స్ కన్నుమూసెను. మరుసటి యేట యోసెమిటీయందలి యొక శిఖరమునకు ఆతని పేరు పెట్టిరి.