ఎరువుకుప్పకు శాస్త్రము చెప్పిన హోవర్డు

నాగార్జునసాగరు ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములకును, మూసీ ప్రాజెక్టు సూర్యాపేట చుట్టుపట్లకును వరిని విరివిగా తెచ్చినవి. వరి వెంట గడ్డియు పెరిగెను. యంత్రము కోసిపోయిన మడిలో మిగిలిన గడ్డిని నేడు కొందరు రైతులు తగులబెట్టుచున్నారు. అట్టి గడ్డి విలువను కొలిచి చూపినవారిలో సర్ ఆల్బర్టు హోవర్డు ముఖ్యుడు.

హోవర్డు 1873లో ఇంగ్లండునందలి ష్రాప్‌షైరులో రైతుకుటుంబమున జన్మించెను. కేంబ్రిడ్జిలో చదివి, వెస్టిండీసులో పైరుల తెగుళ్లను పరిశోధించెను. స్వయముగా సాగుచేసి చూచుటకు చేను లేదన్న వెలితి 1905లో బీహారులోని పూసాకు వచ్చిన పిదపనే తీరెను. అచటి రైతులనే గురువులుగా నెంచెను. దొరతనపు దినములలో ఇది సామాన్యము కాదు. భార్య గాబ్రియేల్ తానును వృక్షశాస్త్ర విదుషి. గోధుమ వంగడముల కృషి ఇరువురిదియు.

1924 నుండి 1931 వరకు ఇండోరులో పనిచేయుచు, యశ్వంత్ వాడ్ తోడ్పాటుతో ఎరువు విధానమును రూపొందించెను. గడ్డి, చెత్త, పేడ, పశువుల మూత్రము నానిన మట్టి, కట్టెబూడిద పొరలుగా పేర్చి, తడిపి, మూడుమార్లు తిరుగవేసినచో మూడు నెలలకు ఎరువు మాగును.

కిటుకంతయు పాళ్లలో నున్నది. వరిగడ్డిలో కర్బనము మెండు, నత్రజని కొరత. కుళ్లని గడ్డిని దున్ని వెంటనే నాటినచో సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే గ్రహించును; పైరు పసుపుబారును. కుప్పలో ఒక పాలు నత్రజనికి 33 పాళ్లు కర్బనముండునట్లు కూర్చినచో, మాగునప్పటికి అది 10 పాళ్ల చేరువకు దిగును. అట్టి ఎరువు పైరుతో పోటీపడదు. కాల్చిన గడ్డిలోనో, కర్బనము, నత్రజని దాదాపు పూర్తిగా పొగయై పోవును. పొటాషు చాలవరకు బూడిదలో మిగులును.

1930లో గాబ్రియేల్ గతించెను. మరుసటి యేడు వాడ్‌తో కలిసి గ్రంథము వెలువరించి హోవర్డు దేశము విడిచెను. ఇంగ్లండులో రసాయనిక ఎరువులపై ఆయన వాదము హద్దు మీరెను. కంపోస్టు వేసిన పైరుకు తెగులు సోకదన్నంత దూరము పోయెను; అది నిలువలేదు. వానకాలము, యాసంగి రెండును పండించు ఆయకట్టులో ధాన్యము తీసికొనిపోవు నత్రజనిని కుప్ప ఒక్కటే తీర్చుట కష్టము. జనుము, జీలుగ దున్నినచో కొంత పూడును. అన్నిటికంటె పెద్ద చిక్కు వేరొకటి: గడ్డికి పేడ తోడు కావలెను, పేడకు పశువు కావలెను, ట్రాక్టరు వచ్చిన యిండ్లలో ఎడ్లు లేవు.

భారతదేశము స్వతంత్రమైన రెండు నెలలకు, 1947 అక్టోబరులో, హోవర్డు కన్నుమూసెను.